పర్సు తీసి చూసి ఉంటే: గ్రాహమ్ కేసు మీద ఒక ఎమర్జెన్సీ డాక్టర్ నోట్స్

అమెరికాలో పోలీసులు ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నారని కేసు పడితే, కోర్టు ముందుగా తీసే తీర్పు గ్రాహమ్ వర్సెస్ కానర్. 1989లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చింది. లాయర్లకి అందులో సూత్రం కావాలి కాబట్టి నేరుగా చివరి పేజీలకి వెళ్తారు. నేను ఎమర్జెన్సీ మెడిసిన్ డాక్టర్ని, పోలీసులకి వైద్య అత్యవసరాల మీద క్లాసులు చెబుతుంటాను. నాకు పనికొచ్చేది ఆ తీర్పులోని మొదటి రెండు మూడు పేజీలు. అది అచ్చం మా క్యాజువాలిటీ కేస్ షీట్ లాగా ఉంటుంది. పేషెంటు ఉన్నాడు, లక్షణాలు వరసగా ఉన్నాయి, హిస్టరీ చెప్పే మనిషి పక్కనే ఉన్నాడు, చివర్లో మందు కూడా చేతికందే దూరానికి వచ్చింది. దాన్ని తాగనివ్వలేదు.

ఒక మాట ముందే చెప్పాలి. కింద రాసిన వివరాలు గ్రాహమ్ పక్షం సాక్ష్యం ప్రకారం తీర్పులో నమోదైనవి. కింది కోర్టు పోలీసుల వాదన వినకముందే కేసు కొట్టేసింది కాబట్టి, పై కోర్టులు ఆయన చెప్పిందే ప్రాతిపదికగా తీసుకున్నాయి.

జరిగింది

1984 నవంబర్ 12, నార్త్ కరొలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరం. డిథార్న్ గ్రాహమ్‌కి డయాబెటిస్ ఉంది, ఇన్సులిన్ వాడేవాడు. షుగర్ పడిపోతోందని తనకే తెలిసింది. స్నేహితుణ్ణి కారు తియ్యమని, ఆరెంజ్ జ్యూస్ కొనుక్కోవడానికి దుకాణానికి వెళ్లాడు. లోపల బిల్లు కౌంటర్ దగ్గర క్యూ ఉంది. అంతసేపు ఆగలేననుకుని గబగబా బయటికొచ్చేశాడు. ఇంకో స్నేహితుడి ఇంటికి పోనివ్వమన్నాడు.

గబగబా లోపలికి వెళ్లి అంతే గబగబా బయటికొచ్చిన మనిషి కానర్ అనే పోలీసు అధికారి కంట్లో పడ్డాడు. ఏదో జరిగిందని అనుమానించి వెంటపడి, దుకాణానికి సుమారు అర మైలు దూరంలో కారు ఆపాడు. ఇతనికి షుగర్ రియాక్షన్ వచ్చింది, అంతేనని స్నేహితుడు చెప్పాడు. దుకాణంలో ఏం జరిగిందో కనుక్కునేదాకా ఇద్దరూ ఇక్కడే ఉండండన్నాడు కానర్. ఆయన బ్యాకప్ పిలవడానికి తన కారు దగ్గరికి వెళ్లేసరికి గ్రాహమ్ కిందికి దిగి, కారు చుట్టూ రెండుసార్లు పరుగెత్తి, ఫుట్‌పాత్ అంచున కూలబడి, కాసేపు స్పృహ తప్పాడు.

ఈలోగా మిగతా పోలీసులు వచ్చారు. ఒకాయన గ్రాహమ్‌ని బోర్లా తిప్పి, చేతులు వెనక్కి విరిచి గట్టిగా బేడీలు వేశాడు. కొంచెం చక్కెర ఏదైనా ఇవ్వండని స్నేహితుడు బతిమాలుతూనే ఉన్నాడు. షుగర్ జబ్బున్న వాళ్లని చాలామందిని చూశాను, ఎవరూ ఇలా చెయ్యలేదు, వీడు తాగాడంతే, తీసుకెళ్లి లోపలెయ్యండని ఇంకో అధికారి అన్నాడు. ఆ మాటల్లోని బూతుల్ని తీర్పులో పొడి అక్షరాలుగా అచ్చు వేశారు. అందరూ కలిసి ఆయన్ని ఎత్తి కారు బానెట్ మీద ముఖం కిందికి పెట్టి పడుకోబెట్టారు. అప్పుడు స్పృహ వచ్చింది. నా పర్సులో డయాబెటిస్ ఉందని చెప్పే స్టిక్కర్ ఉంది, చూడండి అన్నాడు. నోర్ముయ్యమని ఒకాయన ముఖాన్ని బానెట్‌కేసి నొక్కాడు. తర్వాత నలుగురు పట్టుకుని తల ముందుగా పోలీసు కారులోకి తోశారు. ఇంకో స్నేహితుడు ఆరెంజ్ జ్యూస్ తెచ్చాడు. ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

చివరికి దుకాణం నుంచి కబురొచ్చింది. అక్కడ ఏమీ జరగలేదు. గ్రాహమ్‌ని ఇంటి దగ్గర దింపి వదిలేశారు. పాదం ఎముక విరిగింది, మణికట్ల మీద కోతలు, నుదుటి మీద కమిలిన గాయం, భుజానికి దెబ్బ. కుడి చెవిలో హోరు కూడా మొదలైందని ఆయన చెప్పుకున్నాడు. గ్రాహమ్ నల్లజాతీయుడు. తీర్పులో ఆ ప్రస్తావన లేదు.

క్లినికల్‌గా చదివితే

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకి 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే లో షుగర్ అంటాం. ఆ దశలో ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది: చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి, కుదురు లేకపోవడం. 54 కంటే కిందికి జారితే మెదడు తడబడుతుంది. మాట ముద్దగా వస్తుంది, అడుగు తూలుతుంది, చెప్పింది బుర్రకెక్కదు. నెమ్మదస్తుడని పేరున్న మనిషి కూడా తిట్లకి దిగుతాడు. ఇంకా పడిపోతే ఫిట్స్, కోమా. ఈ మెట్లు దిగడానికి గంటలు పట్టక్కర్లేదు.

ఈ క్రమం పక్కన పెట్టుకుని కేసు మళ్లీ చదవండి. దుకాణంలో తొందరపాటు మొదటి మెట్టు. కారు చుట్టూ అర్థం లేని పరుగు రెండోది. ఫుట్‌పాత్ మీద స్పృహ తప్పడం మూడోది. కానర్‌కి అనుమానం పుట్టించిన తొందర, మిగతావాళ్లకి తాగాడనిపించిన తిక్క, ఎదురుతిరుగుతున్నాడనుకున్న పెనుగులాట, ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలు. పరుగు, పెనుగులాట ఉన్న కాస్త గ్లూకోజ్‌నీ కరిగిస్తాయి కూడా. అంటే పట్టుకుని అదిమిన కొద్దీ మనిషి ఇంకా అదుపు తప్పుతాడు, అది చూసి ఇంకా అదుముతారు.

షుగర్ జబ్బున్న వాళ్లని చాలామందిని చూశానన్న అధికారి అబద్ధం చెప్పాడని నేననుకోను. చూసే ఉంటాడు. మాత్రలు వేసుకునేవాళ్లని, పథ్యం చేసేవాళ్లని, ఇంట్లో పెద్దవాళ్లని. వాళ్లది షుగర్ ఎక్కువగా ఉండే రోజువారీ బతుకు. ఇన్సులిన్ వేసుకుని షుగర్ డౌన్ అయిన మనిషిని చూసి ఉండడు, చూసినా తాగినవాడనుకుని ఉంటాడు. క్లాసులో ఈ వాక్యం చదివినప్పుడు నవ్వేవాళ్లు ఉంటారు. ఆ నవ్వు నాకు నచ్చదు. ఎందుకంటే మా డిపార్ట్‌మెంట్లలో కూడా, వచ్చిన పేషెంటు నోట్లోంచి సారా వాసన వస్తే గ్లూకోమీటర్ తియ్యడం ఆలస్యమవుతుంది.

తాగాడన్న అంచనా నిజమే అనుకుందాం. అయినా పని అక్కడితో అయిపోదు. లివర్ కొత్తగా గ్లూకోజ్ తయారు చెయ్యకుండా ఆల్కహాల్ అడ్డుపడుతుంది. ఏమీ తినకుండా తాగినవాడికి, ఇన్సులిన్ మీద ఉండి తాగినవాడికి షుగర్ పడిపోయే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ. అందుకే తాగి పడిపోయిన మనిషికి మొదట చూడాల్సింది షుగర్. ఇక షుగర్ బాగా పెరిగిపోయి రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు చేరినవాళ్ల ఊపిరి పళ్ల వాసన కొడుతుంది, దాన్ని మద్యం వాసన అనుకోవడం మామూలే. తలకి దెబ్బ తగిలి లోపల రక్తస్రావం అవుతున్నవాళ్లు, ఫిట్స్ వచ్చి ఇంకా తేరుకోనివాళ్లు, మెదడులో ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు, పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లు, అందరూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తారు. చెప్పినమాట వినరు.

మా దగ్గరికి ఇలాంటి మనిషిని బేడీలతో తీసుకొచ్చినప్పుడు మొదటి నిమిషం ఎలా ఉంటుందో చెబుతాను. ఈసీజీ స్టిక్కర్లు ఛాతీకి అంటుకోవు. తుడిచి అంటిస్తే చెమటకి మళ్లీ జారిపోతాయి. అంత చెమట కారుతోందంటే నర్సు చెయ్యి అప్పటికే గ్లూకోమీటర్ మీద ఉంటుంది. బేడీలు బిగుతుగా వేసి ఉంటే వేళ్లు చల్లబడి ఉంటాయి, గుచ్చితే చుక్క రాదు. వేలిని అరచేతి వైపు నుంచి కొసకి మెల్లగా నిమురుకుంటూ రావాలి. చుక్క స్ట్రిప్‌ని తాకాక కొన్ని సెకన్లలో అంకె వస్తుంది. ముప్పైల్లో అంకె వచ్చినప్పుడు, పక్కన నిలబడ్డ పోలీసుకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. సిరలోంచి 25 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) వెళ్లాక, చాలామంది కొద్ది నిమిషాల్లో కళ్లు తెరిచి నేనెక్కడున్నానని అడుగుతారు. ఎవరిని తిట్టారో, ఎవరిని తన్నారో గుర్తుండదు.

గ్రాహమ్ విషయంలో వైద్యపరంగా ఒక మెలిక ఉంది. స్పృహ తప్పి ఉన్నప్పుడు స్నేహితుడు చక్కెర అడిగాడు. రోగనిర్ధారణ సరైనదే. కానీ స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు చెయ్యాల్సింది పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవడం, షుగర్‌ని పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటే ఇవ్వడం. బానెట్ మీద తేరుకుని, పర్సులో స్టిక్కర్ ఉందని వాక్యం కూడబలుక్కుని చెప్పగలిగాడంటే మింగగలడు. సరిగ్గా ఆ తర్వాతే జ్యూస్ వచ్చింది. సుమారు 15 గ్రాముల చక్కెర ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడమని మేం పేషెంట్లకి చెబుతాం. చిన్న గ్లాసు ఆరెంజ్ జ్యూస్‌లో ఆ మాత్రం ఉంటుంది. చికిత్స మొత్తం అదే.

రెండు ఆధారాలు

ఈ కేసులో పోలీసులు దేన్నీ సరిచూసుకోలేదని అనుకుంటారు. సరిచూసుకున్నారు. దుకాణంలో నేరం జరిగిందా లేదా అన్నది చక్కగా కనుక్కున్నారు. దానికి మనుషులున్నారు, వైర్‌లెస్ ఉంది, సమయం ఉంది. కబురు వచ్చేదాకా ఆగారు, రాగానే వదిలేశారు కూడా. వాళ్ల పద్ధతిలో అది నిక్కచ్చిగా నడిచింది.

పర్సు విషయంలో ఆ ఓపిక లేదు. బేడీలు పడ్డాయి, మనిషి బానెట్ మీద ఉన్నాడు, చుట్టూ అధికారులున్నారు. అతని జేబులోంచి పర్సు తీసి చూడటానికి ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. అర మైలు దూరంలోని ఆధారం కోసం ఎదురుచూసినవాళ్లు, చేతి దూరంలో ఉన్న ఆధారాన్ని ముట్టలేదు. ఈ కేసుని నేను తెలియనితనం కింద జమకట్టను. స్నేహితుడు మొదటి నిమిషంలోనే చెప్పాడు, పేషెంటు తనే చెప్పాడు, జ్యూస్ తెచ్చినవాడు చేత్తో చూపించాడు. నేరం జరిగిందన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్న అయింది, జబ్బు ఉందన్నది కొట్టిపారెయ్యాల్సిన సాకు అయింది. లక్షణాల పట్టిక ఇచ్చి బట్టీ పట్టించే శిక్షణతో ఇది పోదు.

మేం హిస్టరీ తీసుకునేటప్పుడు పేషెంటు మాట్లాడే స్థితిలో లేకపోతే వెంట వచ్చినవాళ్ల మాటే ఆధారం. వాళ్లు అబద్ధం చెప్పొచ్చు, పొరపాటు పడొచ్చు. అయినా దాన్ని రాసుకుని, పరీక్షతో తేల్చుకుంటాం. పోలీసు పనిలో వెంట ఉన్నవాడు కూడా అనుమానితుడే. అతని మాట రెండో నేరస్థుడి మాటలా వినిపిస్తుంది. ఇక్కడ నాకు పోలీసుల మీద కొంత సానుభూతి ఉంది. కానీ పరిష్కారం ఆ మాటని నమ్మడం కాదు, తేల్చుకోవడం. పర్సు అందుకే.

కోర్టులో

గ్రాహమ్ పౌరహక్కుల చట్టం కింద దావా వేశాడు. జిల్లా కోర్టు అప్పటికి వాడుకలో ఉన్న నాలుగు అంశాల పరీక్ష పెట్టి, పోలీసులు దురుద్దేశంతో హింసించలేదని, కంటికి కనిపించే గాయమేదీ చెయ్యలేదని కేసు కొట్టేసింది. పాదం ఎముక విరిగిన డయాబెటిస్ పేషెంటు గురించి ఆ మాట! ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1987లో దాన్నే సమర్థించింది.

1989 మే 15న సుప్రీంకోర్టు ఆ తీర్పుని రద్దు చేసి, కేసుని వెనక్కి పంపింది. దురుద్దేశం ఉందా లేదా అన్నది అనవసరం, ఆ స్థలంలో ఉన్న సమంజసమైన అధికారి దృష్టితో చూడాలి, తర్వాత తీరిగ్గా కూర్చుని వంకలు పెట్టకూడదు అంది. చూడాల్సిన అంశాలుగా మూడు చెప్పింది: నేరం ఎంత తీవ్రమైనది, ఎవరికైనా తక్షణ ముప్పు ఉందా, అరెస్టుని ప్రతిఘటిస్తున్నాడా లేక పారిపోతున్నాడా. చీఫ్ జస్టిస్ రెన్‌క్విస్ట్ రాశారు. ఫలితం విషయంలో తొమ్మిదిమందీ ఒకటే. మళ్లీ విచారణ జరిగింది, జ్యూరీ పోలీసుల పక్షానే తీర్పు చెప్పింది. దేశమంతటా వాడుతున్న సూత్రానికి పేరిచ్చిన మనిషి తన కేసు తను గెలవలేదు.

మూడు ప్రశ్నల్నీ పేషెంటు పక్కన పెట్టి చూడండి. మొదటిదానికి జవాబు లేదు, నేరమే లేదు. మూడోది ప్రమాదకరం, ఎందుకంటే లో షుగర్‌లో చెయ్యి విదిలించుకోవడం బయటికి ప్రతిఘటన లాగే కనిపిస్తుంది. ఇతను జబ్బుతో ఉన్నాడా అని అడిగే చోటు ఆ జాబితాలో లేదు. జబ్బు మనిషి కేసులో పుట్టిన పరీక్ష అది.

తర్వాతి కోర్టులకి ఈ లోటు తెలియకపోలేదు. మిషిగన్‌లో ఫిట్స్ వచ్చిన తండ్రి కోసం కూతురు 911కి ఫోన్ చేస్తే, వచ్చిన పోలీసులు అతనికి బేడీలు వేశారు. ఆ కేసులో జ్యూరీ పేషెంటు పక్షాన ఇచ్చిన తీర్పుని సిక్స్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2010లో నిలబెట్టింది. ఆ అధికారులు అక్కడ పోలీసులుగా ప్రవర్తించారా, సాయానికొచ్చినవాళ్లుగా ప్రవర్తించారా అన్నదాని మీదే వాదన నడిచింది. ఫిట్స్ తర్వాత కాసేపు మనిషికి అయోమయంగా ఉంటుంది, పట్టుకుంటే తోసేస్తాడు. వదిలి, చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసేసి, నెమ్మదిగా మాట్లాడితే చాలాసార్లు తనే కుదుటపడతాడు.

2017లో అదే సిక్స్త్ సర్క్యూట్ ముందుకి మళ్లీ లో షుగర్ కేసే వచ్చింది. ఇంట్లో ఉన్న పేషెంటుకి పారామెడిక్స్ సిరలో సూది పెడితే పీకేసి, రక్తం కారుతుండగా తన్నుతూ గుద్దుతూ ఉన్నాడు. అక్కడున్న డెప్యూటీ (కౌంటీ పోలీసు అధికారి) కరెంటు షాక్ కొట్టే టేజర్‌ని తొడకి ఆనించి షాక్ ఇచ్చాడు. ఆ గ్యాప్‌లో సూది పెట్టి డెక్స్‌ట్రోజ్ ఎక్కించారు. కోర్టు డెప్యూటీ చేసింది సమంజసమే అంది. గ్రాహమ్ ప్రశ్నలు ఇక్కడ అతకవని గమనించి, వేరేవి తయారు చేసింది: సొంతంగా ఆలోచించలేని వైద్య స్థితిలో ఉండి తనకో ఇతరులకో తక్షణ ముప్పుగా ఉన్నాడా, ఆ ముప్పు తగ్గించడానికి కొంత బలం అవసరమా, వాడినది అవసరానికి మించిందా. ఇద్దరు ముగ్గురు కలిసి కాళ్లు చేతులు పట్టుకుంటే టేజర్ లేకుండా అయ్యేదేమో అని నాకు సందేహమే. కానీ అక్కడ బలం చికిత్సకి దారి చేసింది. గ్రాహమ్ దగ్గర బలమే చికిత్సకి అడ్డం నిలబడింది. నా లెక్కలో రెండింటి మధ్య అసలు తేడా ఇదే, షాక్ ఎంత గట్టిదన్నది కాదు.

అప్పట్లో గ్రాహమ్‌ని ఓడించిన ఫోర్త్ సర్క్యూట్ కూడా 2016లో, నార్త్ కరొలినా నుంచే వచ్చిన కేసులో, రోగి క్షేమం కోసమే పట్టుకోవాల్సి వచ్చినప్పుడు కేవలం పట్టుకున్న స్తంభాన్ని వదలనంత మాత్రాన టేజర్ వాడటం రాజ్యాంగ విరుద్ధమంది. మందులు మానేసిన మానసిక రోగి అతను, టేజర్ దెబ్బల తర్వాత బోర్లా పడుకోబెడితే చనిపోయాడు. అయితే ఆ రోజుకి చట్టం స్పష్టంగా లేదని అధికారులకి దావా నుంచి రక్షణ ఇచ్చారు.

జబ్బు పేరు వాడితే చాలదా

జబ్బు మాట వినకపోవడం ఒక తప్పు. వైద్యుల మాట అరువు తెచ్చుకుని బలానికి తొడగడం ఇంకొకటి. 'ఎక్సైటెడ్ డెలీరియం' అనే పేరు ఏళ్లతరబడి ఆ పని చేసింది. మనిషి ఆవేశంలో ఉన్నాడు, నొప్పి తెలియదు, రాక్షసబలం ఉంది, హఠాత్తుగా చనిపోతాడు అనే వర్ణన. పోలీసుల చేతుల్లో చనిపోయినవాళ్ల మరణకారణంగా దాన్ని రాసేవారు. ఎమర్జెన్సీ డాక్టర్ల అమెరికన్ కాలేజీ 2009లో దీన్ని సమర్థిస్తూ ఇచ్చిన పత్రాన్ని 2023లో ఉపసంహరించుకుంది. అదే ఏడాది కాలిఫోర్నియా దాన్ని మరణకారణంగా రాయకూడదని చట్టం చేసింది.

కొలరాడో రాష్ట్రం అరోరాలో 2019 ఆగస్టులో ఎలైజా మెక్లెయిన్ అనే యువకుణ్ణి పోలీసులు మెడ నొక్కి పట్టి కింద పడేశాక, పారామెడిక్స్ ఆ పేరు చెప్పి 500 మిల్లీగ్రాముల కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చారు. ఆయన బరువు సుమారు 65 కిలోలు. దాన్నిబట్టి ఇచ్చింది ఎక్కువ డోసు. చనిపోయాడు. ఇద్దరు పారామెడిక్స్‌ని 2023 డిసెంబర్‌లో జ్యూరీ దోషులుగా తేల్చింది. మా వృత్తివాళ్లు చదవాల్సిన కేసు అదే. పోలీసు చెప్పిన వర్ణనని పరీక్షించకుండా మందుగా మార్చారు.

క్లాసులో ఏం చెబుతాను

స్పృహ లేని మనిషి ప్రతిఘటించడు. బేడీలు వేసే ముందు ఊపిరి చూడాలి. బ్యాకప్ పిలిచిన నోటితోనే అంబులెన్స్ పిలవాలి, జబ్బు మాట ఎవరు అన్నా సరే. తప్పనిసరై బోర్లా పడేసి అదుపులోకి తెచ్చుకుంటే, బేడీ పడిన వెంటనే పక్కకి తిప్పాలి, లేదా లేపి కూర్చోబెట్టాలి. వీపు మీద, మెడ మీద బరువు ఉండకూడదు. బోర్లా పడుకోబెట్టి ఉంచడంలోని ప్రమాదం గురించి అమెరికా న్యాయశాఖే 1995లో బులెటిన్ ఇచ్చింది, ఇది కొత్త సంగతేమీ కాదు.

మేం డాక్టర్లం కాము కదా అని ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు అంటారు. ఇప్పుడు చాలా పోలీసు కార్లలో ఓపియాయిడ్ మత్తుకి విరుగుడైన నలోక్సోన్ స్ప్రే ఉంటోంది, దాన్ని వాడి ప్రాణాలు నిలబెడుతున్నారు కూడా. ముక్కులో వేసే గ్లూకగాన్‌కి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది కార్లో పెట్టమని నేనడగను. జ్యూస్ గ్లాసుకి అడ్డం రావద్దంటాను.

పేషెంట్లకి, ఇంట్లోవాళ్లకి చెప్పేది వేరు. పోలీసులు ఉన్నచోట జేబులో చెయ్యి పెట్టొద్దు, నోటితో చెప్పండి, పర్సు వాళ్లనే తియ్యమనండి. ఫోన్‌లోనైనా ఎదురుగానైనా 'డయాబెటిస్ ఉంది' అని ఆపెయ్యకండి, 'ఇన్సులిన్ వేసుకుంటాడు, షుగర్ డౌన్ అయింది, అంబులెన్స్ కావాలి' అనండి. గుర్తింపు కార్డు పర్సులో ఉండటం కంటే మెడికల్ కంకణం చేతికి ఉండటం మేలు. బేడీ వేసే అధికారి మణికట్టు చూడక తప్పదు.